ఊరంతా నల్లాలు తిప్పే వేళ

అన్నా,

నువ్వు మంటల్లో పోయిన పత్తి జిన్నింగు మిల్లును సేటు మళ్ళీ కట్టించాడు. నిప్పంటుకుంటే కప్పు నుంచి నీళ్ళు కురిసే పైపులు బిగించే పని నాదే.

పని మొదలైన రోజు మధ్యాహ్నం మన మెదక్ నల్లా ప్రెషర్ చూసి సేటు మురిసిపోయాడు.

"మస్తు వస్తున్నయ్ గదా! ఇంక పైపులకు వేరే ట్యాంకెందుకు?"

నేను ఒప్పుకుంటానా?

"పొద్దుగాల ఊరంత బిందెలు వట్టే యాళ్లకు చూద్దాం రాండ్రి, సేటూ."

ఆ రోజు మంటలార్పుతుంటే నీ చేతిలో పైపు ఎండిపోయింది ఆ వేళకే కదా.

తెల్లారి చూస్తే నల్లాకు బిగించిన ప్రెషర్ గేజీ ముల్లు లేవనే లేదు. సేటు ట్యాంకు కట్టించాడు. మొదటి పైపును నువ్వు నిలబడ్డ మూల మీదుగా వేశాను.

ఇవాళ పొద్దున, ఊళ్ళో నల్లాలన్నీ పారుతుండగానే ట్యాంకు వాల్వు తిప్పాను. ముందు ఆ మూలే తడిసింది.

నీ తమ్ముడు