మా దిగులు, మీ దిగులు

నంద్యాల,
12 జూలై 1983.

డాక్టరు గారికి నమస్కారములు.

ఈ ఉదయం సర్టిఫికెట్టు కోసం మీ ఆసుపత్రికి వస్తే, కాంపౌండరు నతానియేలన్న నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా, నీకు మనసు జబ్బంట గదా. ఇంగ యాడ ఎగురుతావ్?"

విమానం నడపడం నేర్చుకోవడానికి నేను పనికిరానని మీరు రాశారు. మీరు ఇంగ్లీషులో రాసిన జబ్బు పేరుకు లైబ్రరీ నిఘంటువులో 'మనోవ్యాకులత' అని ఉంది. మాట అందంగానే ఉంది, కానీ అది నాది కాదు.

నిన్న మీరు "ఎప్పుడైనా దిగులుగా ఉంటుందా?" అని అడిగారు. అబద్ధం చెప్పకూడదని, "విమానం తలుచుకుంటే శానా దిగులేస్తాది సార్" అన్నాను. మీ గుంటూరు వైపు దిగులంటే విచారం. మా వైపు భయం. ఎన్నడూ విమానం ఎక్కనివాడికి ఆమాత్రం భయం ఉండదా? ఇన్నేళ్ళుగా మా నాడి చూస్తున్నారు, మా మాట మాత్రం మీకు తెలియలేదు.

శుక్రవారం లోపల సర్టిఫికెట్టు అందకపోతే విమానం నేర్పే హైదరాబాదు క్లబ్బువాళ్ళు నా సీటు ఇంకొకరికి ఇస్తారు. మీరు ఇంటికి వెళ్ళిపోయారట, అందుకే ఈ ఉత్తరం నతానియేలన్న చేతికి ఇచ్చి పోతున్నాను.

రేపు ఉదయం మా ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చి మీ గది ముందు నిలబడతాను. అదే ప్రశ్న మళ్ళీ అడగండి. ఈసారి మీ తెలుగులో జవాబు చెబుతాను.