గ్రీజు పంచాయితీ తీరింది

ఒరేయ్ మస్తానూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నా రాత నువ్వెలాగూ చదవవు, వంకర అక్షరాలని ఎగతాళీ చేయలేవు. అయినా చెప్పాలి. మన గ్రీజు గొడవలో గెలిచింది నేనే.

షార్జాలో మన గ్యారేజీ ఖాళీ చేస్తున్నారు. గేర్లు లేకుండా వేగం మారే నీ మిషన్‌ని చూసి మన మేనేజరు ముదీర్, "చాచా, ఇది బరువు లాగదు. ఖలాస్, స్క్రాప్‌లో పడేయ్" అన్నాడు. సాయంత్రం దాకా ఆగమన్నాను.

అతనికి అంతా మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది. మిషన్‌లో మూడు ఇనప చేతులు ముందుకీ వెనక్కీ ఊగుతాయి. ఊపు పెంచితే వేగం పెరుగుతుంది. ఒక్కో చేతికీ ఒక వన్‌వే క్లచ్. ముందుకు ఊగినప్పుడు అది ఇరుసుని పట్టి తిప్పాలి, వెనక్కి వచ్చేటప్పుడు వదిలేయాలి. నువ్వేమో బేరింగుకి పెట్టినట్టు దానికీ గ్రీజు కూరావు. వద్దంటే, "అరిగిపోద్ది అబయా, నీకేం తెలుసు!" అన్నావు. ఆ చిక్కదనంలో క్లచ్ లోపల ఇరుసుని పట్టే రోలర్లు కదల్లేక, బరువు పడగానే జారిపోయేవి.

ఈరోజు డీజిల్‌తో శుభ్రంగా కడిగి, పల్చటి నూనె వేశాను. ఇరుసుకి చుట్టిన తాడుకి పాత గేర్‌బాక్సుని కట్టి మోటారు ఆన్ చేశాను. కుదుపుతూనే పైకి లేపింది, ఒక్కసారీ జారలేదు. నువ్వుంటే బరువు చాల్లేదని మొండికేసేవాడివి.

ముదీర్ దాన్ని కొత్త షెడ్డుకి తెమ్మన్నాడు. పేరేంటని అడిగాడు. మస్తాన్ మిషన్ అని చెప్పాను. నూనె మాత్రం నాది అని కూడా చెప్పాను.