మిల్కావోకి పెట్టవలసినవి, పెట్టకూడనివి

నేను, ఎదెల్మీరా బర్రీయా, వయసు డెబ్భై ఒకటి, చిలీ దేశం చిలోయే దీవుల్లోని అచావో ఊళ్ళో బడిపిల్లలకు ముప్ఫై ఏళ్ళు వండిపెట్టిన దాన్ని. కడుపులో పుండు ముదిరి ఒళ్ళు చెడినా బుద్ధి చెడలేదు. ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా ఇష్టప్రకారం చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. దీనికి ముందు ఏ వీలునామా రాయలేదు. నోటరీ గారు అడిగారు గనుక ఆ మాటా చేర్చాను.

ఒకటి. సముద్రం వైపు వాలులో ఉన్న బంగాళాదుంపల చేను, పనిముట్లతో సహా, నా తమ్ముడు సెగుందోకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. నాన్న పోయినప్పుడు పడవ తను తీసుకుని చేను నాకు వదిలాడని వాణ్ణి ఇరవై ఏళ్ళు సాధించాను. పడవ మూడేళ్ళకే పుచ్చిపోయింది. చేను మాత్రం ఏటా పండింది. ఇక సాధించడానికి నేనుండను. కుక్కను మాత్రం వాడికివ్వను. "దానికేంటక్కా, మనం తిన్నదే తింటుంది" అంటూ బల్ల కింద సాసేజీ ముక్కలు జారవిడిచింది వాడే.

రెండు. నా కుక్క మిల్కావో. పదకొండేళ్ళవాడు, గోధుమ రంగు, ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. పిల్లప్పుడు గుండ్రంగా ఉన్నాడని, పంది కొవ్వు కలిపి కాల్చే మా బంగాళాదుంప రొట్టె పేరే నా కొడుకు ఎవరిస్తో వాడికి పెట్టాడు. 'అది' అని రాయాలన్నారు నోటరీ గారు. నేను ఒప్పుకోలేదు. వీణ్ణీ, నేనుంటున్న ఇంటినీ, కట్టెల పొయ్యితో సహా, నా కోడలు నోల్ఫాకు ఇస్తున్నాను. ఎవరిస్తో పోయాక ఆమె మరో మనువు చేసుకుంది, ఇంకా కోడలెలా అవుతుందని సెగుందో అడగవచ్చు. అడిగినా ఈ మాట మారదు.

మూడు. మిల్కావో తిండి. రోజుకు మూడు పూటలు, కొంచెం కొంచెం. ఉడికించి ముళ్ళు తీసిన చేప గానీ, తోలు తీసిన కోడి రొమ్ము మాంసం గానీ ఒక గుప్పెడు. మెత్తగా ఉడికిన అన్నం ఒక గుప్పెడు. గుమ్మడికాయ, క్యారెట్ కలిపి ఇంకో గుప్పెడు. దానిలో పశువుల డాక్టరమ్మ ఇచ్చిన పొడి కలపాలి. ఉప్పు వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు వద్దు. అవి లేని వంట మనకు లేదు, కాబట్టి మన కుండలోది ఏదీ వద్దు. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, చాక్లెట్ విషం. పంది కొవ్వు వాసన కూడా చూపించొద్దు. నిమిరితే పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి మాత్రం కనపడకూడదు. వాడు బతిమాలతాడు. గడ్డం మోకాలి మీద ఆనించి పైకి చూస్తాడు. ఆ చూపుకు కరిగే నేను వాణ్ణి చావు దాకా తీసుకెళ్ళాను.

నాలుగు. 2012 జూలైలో ఎవరిస్తో పడవ తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు. పూడ్చిపెట్టడానికి కూడా ఏమీ మిగలని తల్లిని, వంట తప్ప వేరే తెలియని దాన్ని. రోజూ మధ్యాహ్నం కొడుకు పళ్ళెం వడ్డించి బల్ల మీద పెట్టేదాన్ని. చల్లారాక మిల్కావో ముందుకు జరిపేదాన్ని. వాడు నాకి తోక ఊపితే నా బిడ్డ కడుపు నిండినట్టే ఉండేది.

నోల్ఫా అప్పుడు నా దగ్గరే ఉండేది. ఒకరోజు ఆ పళ్ళెం లాక్కుంది. "వద్దత్తయ్యా. ఎవరిస్తో ఉంటే ఇలా పెట్టనిచ్చేవాడు కాదు" అంది.

"వాడి పేరెత్తకు. నీ కంట్లో ఒక్క చుక్క చూడలేదు నేను" అన్నాను.

ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. తను రోజూ కట్టెల కొట్టంలోకి వెళ్ళి, నాకు వినపడకుండా ఏడ్చి వచ్చేదని పొరుగావిడ చాలా ఆలస్యంగా చెప్పింది.

మూడో చలికాలానికి మిల్కావో వీపు విల్లులా వంచుకుని పడిపోయాడు, నీళ్ళు కూడా కక్కేశాడు. పొరుగావిడే కబురు పెట్టినట్టుంది, నోల్ఫా ట్రక్కులో వచ్చింది. వాణ్ణి ఎత్తుకుని, నన్నూ ఎక్కించుకుని, బల్లకట్టు మీద సముద్రం దాటించి కాస్త్రో పట్నానికి తీసుకెళ్ళింది. కొవ్వు తిండికి క్లోమం వాచిందట. డాక్టరమ్మ ఒయార్సూన్ నన్ను తిట్టలేదు. "అమ్మా, కుక్క వద్దనదు. వద్దనాల్సింది మీరే" అంది. రెండొందల మంది పిల్లలకు వండినా ఒక్కరి కడుపూ చెడనివ్వని దాన్ని, ఆ మాటకు తల దించుకున్నాను.

నోల్ఫా ఐదు రోజులు అక్కడే ఉండి చెంచాతో తినిపించింది. పైన మూడో అంశంలో ఉన్నదంతా ఆమె రాసిచ్చిన కాగితమే. నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నేను ఒక్క మంచిమాట అనలేదు. నాలుగేళ్ళుగా చర్చిలో ఎదురుపడితే నేనే మొహం తిప్పుకుంటున్నాను.

ఐదు. నేను అల్లిన ఉన్ని దుప్పట్లు రెండూ డాక్టరమ్మకు. ఆమె ఆసుపత్రిలో నేల చల్లగా ఉంటుంది, కుక్కల కింద పరచమనండి.

ఆరు. పైవన్నీ రాయించింది సోమవారం. సంతకం ఈరోజు, గురువారం. నిన్న పొద్దున మిల్కావో లేవలేదు. గుండె ఆగిందన్నారు. పొట్ట బాగానే ఉంది, ముందురోజు గిన్నె ఖాళీ చేశాడు. రెండో అంశంలో వాడి పేరు, మూడో అంశం మొత్తం కొట్టేద్దామన్నారు నోటరీ గారు. ఉంచమన్నాను.

నోల్ఫా, నిజం చెప్తున్నాను. నేను పోయాక నువ్వొచ్చి వాణ్ణి తీసుకెళ్తావు, ఇది చదువుతావు, నేను నోరు తెరవాల్సిన పని ఉండదు అనుకున్నాను. ఇప్పుడు ఇవ్వడానికి వాడు లేడు. నువ్వు ఏడ్చావు. నీకూ మొగుడు పోయాడు. తప్పు నాది, తల్లీ. చచ్చాక చదివించుకోవడానికి సిగ్గేసి, దీని నకలు ఈరోజే నీకు పంపించమన్నాను. ఇంకా మాట్లాడగలుగుతున్నాను. ఎవరైనా పక్కన కూర్చుంటే రెండు చెంచాల గంజి దిగుతోంది. రా.

ఇదంతా నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది.

అచావో, 2019 మార్చి 14.

(సంతకం) ఎదెల్మీరా బర్రీయా

సాక్షులు: ఓతీలియా మన్సీయా, పొరుగావిడ
హెరార్దో కార్కమో, బడి ఉపాధ్యాయుడు
ఇర్మా వెన్‌చూర్, నర్సు