కొండ మీది యంత్రాన్ని కిందికి దించమని

గాలి నాణ్యత పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, స్టేషను వీధి దర్జీ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి గాలిని కొలిచే యంత్రం మా ఊరి గాలిలో లేకపోవుట గురించి.

1. మా ఊరికి మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నగరానికి పోయే రోడ్డు కలవు. ఎండాకాలంలో ఆ రోడ్డు వైపు నుంచి గాలి వచ్చి ఊరిని ఊడ్చిపోవును. వానాకాలంలో వాన కడిగిపోవును. చలికాలంలో మాత్రం చల్లగాలి కొండల నడుమ దిగి, కుండకు మూత పెట్టినట్టు కదలక కూర్చొనును. సరిగ్గా ఆ పొద్దుటి వేళకే, నగరంలో ఉద్యోగాలు చేసే సగం ఊరు కార్లూ బస్సులూ మోటారు సైకిళ్లూ స్టార్టు చేసి వేడెక్కించుకొనుచుండును. ఆ పొగ పైకి పోలేక మా గుమ్మాల్లోకి వచ్చుచున్నది.

2. చలికాలంలో తెల్లబట్ట కత్తిరించుట మానుకొంటిని.

3. తమ యంత్రం కొండ కొసన, నీళ్ల ట్యాంకు పక్కన, కంచె లోపల ఉన్నది. అది చెప్పిన మాట స్టేషను ముందరి బోర్డు మీద పచ్చటి అక్షరాలతో 'గాలి బాగుంది' అని వెలుగును. పొగలో ఆ అక్షరాలు చదువుటకు బోర్డు కిందికి వెళ్లి నిలబడవలసి వచ్చుచున్నది.

4. యంత్రం అమర్చిన ఇంజనీరు గారిని అడిగితిని. వారు చెప్పినది ఉన్నదున్నట్టు: "ముందు స్టేషను దగ్గరే పెట్టామండీ. వారం తిరక్కుండానే మసి పట్టి పాడైపోయింది. గవర్నమెంటు సొమ్ము కదా! అందుకే గాలి బాగుండే చోటు చూసి పెట్టాం." యంత్రం మీద చూపిన ఈ దయలో కొంత మా పిల్లలకు కూడా మంజూరు చేయమని మనవి.

5. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. చలి మొదలైతే గుండెలో పిల్లికూతలు. బోర్డు ఎర్రబడితే తప్ప పొద్దుటి డ్రిల్లు ఆపరాదని బడికి ఉత్తర్వు ఉన్నది. హెడ్మాస్టరమ్మ గారు, "నాకూ కళ్లున్నాయి బాబూ. బోర్డు పచ్చగా ఉంటే నేనేం చేసేది?" అన్నారు. మొన్న సోమవారం పాప డ్రిల్లులోనే కూలబడిపోయినది. నేను పరుగున వెళ్లేసరికి పెదాలు నీలంగా ఉన్నవి. "నాన్నా... గాలి... ఆడట్లేదు" అన్నది, ఒక్కో మాటకూ ఆగి ఆగి. నాకు భయంగా ఉంది అయ్యా. ఈ 'కలవు'లూ 'వచ్చుచున్నది'లూ అన్నీ ఆ భయం బయటపడకుండా రాస్తున్నవే.

6. లోగడ పెట్టుకొన్న అర్జీకి తమ కార్యాలయం, "యంత్రం ప్రకారం గాలి బాగున్నందున చర్య అవసరం లేదు" అని జవాబిచ్చినది. దీపం పేరు చెబితే చీకటి పోతుందా?

కావున యంత్రాన్ని స్టేషను వీధికి దించి, పిల్లల ముక్కు ఎత్తున అమర్చవలెను. అది కుదరనిచో, చలి పోయేవరకు రోజూ పొద్దున నన్నూ నా కూతురినీ యంత్రం పక్కన కంచె లోపల కూర్చోనివ్వవలెను. యంత్రాన్ని ముట్టుకోము.

ఇంతకు మించి చెప్పుకొనుటకు వేరే దిక్కు లేని ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
స్టేషను వీధి దర్జీ

తా.క.: సంతకం పెట్టాక పాపకు మళ్లీ ఆయాసం మొదలైంది. మీ ఉత్తర్వు కోసం ఆగలేదు. తెల్లవారగానే భుజాన వేసుకుని కొండెక్కాను. ట్యాంకు వాచ్‌మన్ మొదట కుదరదన్నాడు. పాప ముఖం చూసి, "లోపలికి రా అన్నా, రూలు సంగతి తర్వాత చూద్దాం" అని గేటు తీశాడు. ఇది ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. మీ యంత్రం అబద్ధమేమీ చెప్పడం లేదు, ఇక్కడ గాలి నిజంగానే బాగుంది. పాప ఆయాసం తగ్గి, కంచె పట్టుకుని కిందికి చూస్తోంది. ఊరు కనబడడం లేదు, పొగే ఉంది. వాళ్లమ్మది బస్టాండులో టికెట్ల కౌంటరు, ఈపాటికి కిటికీ తెరిచి ఉంటుంది. "అమ్మ ఎక్కడ నాన్నా?" అని అడిగితే వేలు పెట్టి చూపించాను.

"అక్కడేం లేదుగా" అంటోంది. మీరే వచ్చి చెప్పండయ్యా.