రహీం గారి టేపు

బందరు, 1997 జూలై, మంగళవారం

మా కాలేజీ పరీక్షల సర్వర్‌లో డిస్కు పొద్దున్నుంచి గరగరమంటూనే ఉంది. పిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని కాపీ తీసుకునే టేపు డ్రైవు మా దానికి లేదు. కెమిస్ట్రీ రహీం గారి సర్వర్‌కి ఉంది.

"ఎప్పుడు కావాలన్నా వాడుకోండమ్మా, టేపు మాత్రం మీది పెట్టుకోండి" అని ఆయన ఏనాడో చెప్పారు. నేను పెట్టలేదు. పక్క బిల్డింగుకి వెళ్లొచ్చేలోగా డిస్కు పోతుందేమోనని, ఆ డ్రైవులో ఏ టేపు ఉందో చూడకుండా, నా సీట్లోంచే నెట్‌వర్క్ మీద కాపీ మొదలుపెట్టాను. గంటలో మార్కులన్నీ ఎక్కాయి. ఆ తర్వాత కాసేపటికే డిస్కు ఆగిపోయింది.

టేపు తెచ్చుకుందామని రహీం గారి గదికి వెళ్లి బయటికి తీస్తే, దాని మీద "కోడూరు బావుల ఉప్పునీళ్లు, ఆరేళ్లు" అని రాసి ఉంది. నెలనెలా బస్సులో సీసాలు మోసుకొచ్చి ఆయన చేసిన పరీక్షలవి.

"దీనికి ఇంకో కాపీ ఉందాండీ?"

"డిస్కులో చోటు లేక నిన్ననే చెరిపేశానమ్మా. ఏం?"

వాటిని చెరిపేసి మార్కులు ఎక్కించేశానని చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. "మార్కులు పూర్తిగా వచ్చాయా?" అని అడిగారు. వచ్చాయన్నాను. టేపు మీద పాత పేరు కొట్టేసి, "పరీక్షల మార్కులు" అని రాసి నా చేతికిచ్చారు.

ఆరేళ్ల కిందటి నీళ్లు నేనిప్పుడు ఏ బావిలోంచి తోడి తెచ్చివ్వను...