సన్నికల్లు మీద గడ్డిచామంతి

1998 జూలై 2

మా ఆయన మడమ పుండు ఇంకా మానలేదు. డాక్ గేటు దగ్గర మేకు తొక్కి ఇరవై రోజులు. షుగర్ ఉన్న మనిషి చెప్పుల్లేకుండా ఎందుకు తిరగాలి? చెప్పులు కరుస్తున్నాయంటాడు. కరవనీ. ఆస్పత్రి ఆయింట్‌మెంట్ రాసి, పైన గడ్డిచామంతి ముద్ద కడుతున్నాను. రైలు కట్ట పక్కన ఆకు కోసి, సన్నికల్లు మీద రోజూ నేనే నూరుతాను.

నా కూతురి కూతురు సుందరి, కాలేజీలో ఆకుల రసాలు క్రిములను చంపుతాయో లేదో పరీక్ష చేస్తోందట. నా ఆకూ గుప్పెడు పట్టుకుపోయింది. ఇక్కడి బెంగాలీ బడిలో చదివింది, దానికి తెలుగు చదవడం రాదు. అందుకే ఈ పుస్తకంలో అందరినీ తిట్టుకోవచ్చు.

జూలై 7

నా ఆకు గెలిచింది. గాజు పళ్లెంలో క్రిములు పెంచారట. ఆకును స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టి, ఆ రసంలో ముంచిన కాగితం బిళ్ల పెడితే, చుట్టూ ఉంగరంలా ఖాళీ అయిందట. అంత మేర క్రిములు చచ్చినట్టు. ఆస్పత్రి డాక్టరు నా ముద్ద చూసి ముక్కు మూసుకున్నాడు. ఆ ముక్కు కొయ్య. ఆయింట్‌మెంట్ అవతల పారేశాను.

నేను నూరిన ముద్దే మీ సారుకి చూపించమని సుందరితో అన్నాను. శుభ్రమైన సీసా తెచ్చి పట్టుకెళ్లింది.

జూలై 9

ఆయనకి జ్వరం. వానకే అయ్యుంటుంది.

జూలై 10

బంద్. బస్సు లేదు, ట్రామ్ లేదు. కాలు వాసనొస్తోంది. వీధి మొగలో కేరమ్ ఆడుతున్న పార్టీ కుర్రాళ్లను టాక్సీ అడిగాను. రేపు వెళ్లు మాషీమా అన్నారు. వాళ్లకి పిన్నినట. వాళ్ల కాళ్లు బాగున్నాయి. ముద్ద ఇంకొంచెం మందంగా కట్టాను.

జూలై 11, పొద్దున్న

నా ముద్ద పెట్టిన పళ్లెంలో ఉంగరం లేదట. చుట్టూ తెల్ల చుక్కలు, గుంపులు గుంపులుగా. అన్నీ క్రిములే. నా ముద్దలోవే. మీ అమ్మమ్మ ఆ రాతి మీద ఇంకేం నూరుతుందని సారు అడిగాడట.

ఎండు రొయ్యలు. ఇంకేం నూరుతాను?

"ఆకుదేటీ తప్పు నేదు అమ్మమ్మా. ఆ సన్నికల్లే..." అంది.

నోర్ముయ్యమన్నాను. నలభై ఏళ్లుగా కడుగుతున్న రాయి. నిన్నగాక మొన్న పుట్టింది, నాకు శుభ్రం నేర్పుతుందా? ఆ ఉంగరం మాట ముందు ఎందుకు చెప్పింది? చెప్పకపోతే ఆయింట్‌మెంట్ పారేసేదాన్నా?

టాక్సీ వచ్చింది.

జూలై 14

పాదం తీసేశారు. కాగితం మీద సంతకం నాదే. ఇన్నాళ్లూ పుండుకి ఏం రాశారని డాక్టరు అడిగాడు. సుందరి నావైపు చూసి, మీరిచ్చిన మందేనని చెప్పింది. అబద్ధం. దాని మీద కోపం ఇంకా పెరిగింది.

జూలై 16

సన్నికల్లు కొళాయి దగ్గర పారేశాను. సాయంత్రానికి పక్క గది జగ్గమ్మ దగ్గర ఉంది. ఇంత మంచి రాయి ఎందుకు పారేశావంది. చెప్పలేక, దొంగముండా అని తిట్టి లాక్కొచ్చాను. మంచం కింద ఉంది.

జూలై 17

ఆ రాయి సంగతి ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ డాక్టర్ల మందుల మీద నమ్మకం లేదట. కట్టు మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఆకు తెచ్చినావేటే?"

జూలై 18

మళ్లీ అడిగాడు. మర్చిపోయానన్నాను.