చెరువులో గోలు గీత

కుందుర్పి,
18-11-1979

ప్రియ మిత్రుడు ఓబుళేసుకు,

నరసింహప్ప నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, నారాయణమ్మ, రెండెద్దులు బాగున్నాం. ధర్మవరంలో నువ్వు, మా చెల్లెలు చౌడమ్మ, నీ మగ్గం చల్లగా ఉన్నారని తలుస్తాను. నా మీద నీ కోపం కూడా బాగానే ఉన్నట్టుంది. మూడేళ్లయినా దానికి ఏ జబ్బూ రాలేదు.

వచ్చే నెల పదహారున, యుద్ధం ఆగిన రోజున, మన మ్యాచ్. ఎప్పటిలాగే మీ నేతగాళ్లకూ మా రైతులకూ, ఎండిన మా చెరువులోనే. అంత చదునైన మైదానం ఇంకెక్కడ దొరుకుతుంది? నువ్వు తప్పకుండా రావాలి.

డెబ్బై ఒకటిలో యుద్ధం ఆగిన వారం గుర్తుందా? ఇంటికి పంపే ఆర్డరు ఇంకా రాలేదు. మన డేరాలోని రామాంజులు ఆ యుద్ధంలోనే పోయాడు. డేరాలో అందరం తలలు వంచుకుని కూర్చున్నాం. నువ్వు ఎక్కడినుంచో కుట్లు ఊడిన ఫుట్‌బాల్ తెచ్చి, మగ్గం మీద తెగిన పోగు అతికినట్టు ముడులేసి కుట్టావు. ‘లేయప్పా, ఎంతసేపు నేల చూస్తాండావు’ అని నా మీదికి తన్నావు. ముక్కుకు తగిలింది. రామాంజులు పోయాక నేను ఏడ్చింది అప్పుడే. ముక్కు నొప్పని చెప్పుకున్నాను. సాయంత్రానికి ప్లటూన్ అంతా ఆడుతోంది.

ఊరికొచ్చాక ఏటా ఆ బంతితోనే ఆడాం. అలాంటి మనం ఒక్క గోలు దగ్గర చెడ్డాం. నువ్వు తన్నావు, నేను పట్టాను. ‘బంతి గీత దాటినాది, నీ కండ్లు యాడ పెట్టుకున్నావు’ అని నువ్వు, దాటలేదని నేను. రెఫరీ హనుమంతప్ప ఆ క్షణానే బీడీ ముట్టించుకుంటున్నాడు. నువ్వు చొక్కా దులుపుకుని బస్సెక్కావు. మళ్లీ రాలేదు.

ఇప్పుడూ అదే చెబుతున్నా, దాటలేదు. కానీ నువ్వు లేని ఈ మూడేళ్లూ నాకేమీ బాగాలేదు, ఓబుళేసూ.

ఈసారి గోలు బండల మధ్య సున్నంతో లావుగా గీత గీయించాను. వచ్చి చూసుకో.

ఇట్లు,
నీ నరసింహప్ప

తా.క.: కవరు అంటించబోతుంటే నారాయణమ్మ ఉత్తరం చదివించుకుంది. ‘నిండిన చెరువును యాడ దాస్తావయ్యా, ఆయన్న వచ్చి చూసి ఎనక్కి పోతే ఏం చేస్తావు’ అని తిట్టింది. కాబట్టి నిజం రాస్తున్నాను. మ్యాచ్ లేదు. సున్నం గీతా లేదు. పోయిన నెల వానలకు మా చెరువు నిండింది, గోలు బండలు కూడా మునిగాయి. ఊరికే పిలిస్తే రావు, ఆటంటే వస్తావని అబద్ధం రాశాను. మనం కొట్లాడిన చోట ఇప్పుడు నిలువెత్తు నీళ్లు. బంతి దాటిందో లేదో ఇక ఎవరూ తేల్చలేరు. రా, గట్టు మీద కూర్చుని ఇద్దరం ఆ నీళ్లు చూద్దాం. బంతి నా దగ్గరే ఉంది. నువ్వేసిన ముడి ఒక్కటీ ఊడలేదు.